పరీక్షబల్లపై పెద్దరికము

అరువదియేండ్లు దాటిన మన గృహస్థులు మోకాలినొప్పిని గూర్చి వీధియరుగుపై గంటల తరబడి ప్రసంగింపగలరు. చక్కెరవ్యాధి అంకెలను అడిగినవారికిని అడుగనివారికిని అప్పగింపగలరు. కాని రాత్రి నాలుగుమారులు మూత్రమునకు లేవవలసి వచ్చుచున్నదను మాటను మాత్రము కట్టుకొన్న యిల్లాలికి సైతము చెప్పక దాచుకొందురు. ఆ దాపరికమునకు వారు గౌరవమని పేరు పెట్టుకొన్నారు. నాకు అది వట్టి బిడియముగానే తోచును. ప్రోస్టేట్ గ్రంథిలో కాన్సరున్నదేమోయని దాని సన్నని ముక్కలు తీసి చూచు బయాప్సీ నాడు ఆ బిడియము ఎంత ఖరీదైనదో తెలియవచ్చును.

ఆ గ్రంథినుండి వెలువడు పి.ఎస్.ఎ. అను ప్రోటీను రక్తములో హెచ్చినప్పుడో, వైద్యుడు వ్రేలితో తాకి చూడగా గ్రంథి గట్టిపడినట్లు తోచినప్పుడో, ఎమ్మారై చిత్రమున సందేహింపదగిన భాగము కనబడినప్పుడో ఈ పరీక్ష చేయింతురు. వయసుతో గ్రంథి పెరిగినను, వాచినను పి.ఎస్.ఎ. హెచ్చును గనుక, ఆ అంకెను చూచినంతనే వీలునామా వ్రాయనక్కరలేదు.

పరీక్షకు ముందు వైద్యుడు ఏయే మందులు వాడుచున్నారని అడుగును. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తమును పలుచబరచు మాత్రలను, గుట్టుగా మ్రింగుచున్న చూర్ణములను, లోగడ పడని మందులను, మూత్రములో మంటను ఉన్నవున్నట్లు చెప్పవలెను. ఏ మాత్రను ఎన్నిదినములు మానవలెనో నిర్ణయింపవలసినది వైద్యుడు; గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు తమంతట తామే మానుట మిక్కిలి ప్రమాదకరము. నోరు పెగలనివారు ఇంటియొద్దనే అన్నియు కాగితముపై వ్రాసికొనిపోయి చేతికిచ్చినను చాలును.

ఇక బల్లపై జరుగునది. సాధారణముగా ఎడమప్రక్కకు తిరిగి, మోకాళ్లను కడుపులోనికి ముడుచుకొని పరుండవలెను. తన కుమారుని యీడువాడైన డాక్టరు మలద్వారము గుండ బొటనవ్రేలికంటె కొంచెము లావైన అల్ట్రాసౌండు పరికరమును లోనికి పోనిచ్చునప్పుడు, నలుబదియేండ్లు ఆఫీసులో పదిమందిచేత నమస్కారములందుకొన్న పెద్దమనిషికి నొప్పికంటె ముందు అవమానభావమే కలుగును. ఆ డాక్టరుకు అది ఆనాటి పనులలో నొకటి మాత్రమే. మత్తుసూది చురుక్కుమనును, పిమ్మట స్ప్రింగుతో పనిచేయు సూది టక్కున మ్రోగుచు ఒక్కొక్క సన్నని ముక్కను తీయును. సాధారణముగా పది పండ్రెండు ముక్కలు తీయుదురు. ఎమ్మారైలో అనుమానపడిన చోటనుండి మరికొన్ని. ఆ చప్పుడునకు ఒడలు ఉలికిపడును గనుక, ప్రతిమారును ముందుగా చెప్పుడని అడుగుటకు సంకోచింపరాదు. సుమారు పది మొదలు ఇరువది నిమిషములలో పని ముగియును. వృషణములకును మలద్వారమునకును నడుమనున్న చర్మము గుండ సూదిని పంపు పద్ధతియు గలదు. అందు సూక్ష్మజీవులు సోకు భయము తక్కువ.

తరువాత కొన్నిదినములు మూత్రమునను మలమునను కొంచెము రక్తము పడవచ్చును. వీర్యములో నెత్తుటిచార, త్రుప్పురంగు కొన్నివారములు కనబడవచ్చును. ఈ మాట ముందుగా చెప్పుటకు వైద్యులలోనే కొందరు మొగమాటపడుదురు, వినని రోగి తరువాత ఒంటరిగా బెదరిపోవును. కాని 100.4 డిగ్రీలు దాటిన జ్వరము, చలివణకు, మూత్రము బిగిసిపోవుట, రక్తము గడ్డలుగా పడుట — వీనిలో ఏది కనబడినను అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలసినదే. పిల్లల నిద్ర చెడగొట్టనేలయని దుప్పటి కప్పుకొని తెల్లవారుదాక ఓర్చుకొన్నచో, రక్తమున వ్యాపించిన సూక్ష్మజీవులు ప్రాణముమీదికి తేగలవు.

ఫలితమునకు కొన్నిదినములు వేచియుండవలెను. కాన్సరు కనబడినచో దాని తీవ్రతను, 1966లో అమెరికా వైద్యుడు డొనాల్డ్ గ్లీసన్ ప్రతిపాదించిన పద్ధతి ననుసరించి లెక్కింతురు: నేడు 6 కనిష్ఠము, 10 గరిష్ఠము. 6 వచ్చినవారిలో అనేకులకు వెంటనే శస్త్రచికిత్స చేయక, నిర్ణీతకాలములలో పరీక్షించుచు కనిపెట్టియుందురు. కాన్సరు లేదని వచ్చినను పి.ఎస్.ఎ. పెరుగుచునే యున్నచో మరల పరీక్ష అవసరము కావచ్చును. ఇవి వినునాడు ఇల్లాలినో కొడుకునో గదిలోనికి వెంట తీసికొనిపోవలెను. కాన్సరను శబ్దము చెవినిబడిన పిమ్మట తక్కిన వాక్యములు రోగి మనసున నిలువవు గనుక, వానిని వ్రాసికొనుటకు మరియొకరుండవలెను.