పచ్చి మాంసం మొదలుపెట్టాక విరేచనాలు

ప్రశ్న: మా కుక్కకు మూడేళ్లు. ఇన్నాళ్లూ పెరుగన్నమే. నాలుగు రోజులుగా పచ్చి చికెన్ పెడుతుంటే నీళ్ల విరేచనాలు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, మామిడికుదురు

జవాబు: ముందు పచ్చి మాంసం ఆపేయండమ్మా. ఏళ్ల తరబడి అన్నానికి అలవాటుపడిన పేగులు ఒక్కసారిగా కొవ్వు మాంసం పడితే తట్టుకోలేవు. ఈ పూట తిండి మానిపించి, నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి (కుక్కపిల్లకైతే పస్తు వద్దు). తర్వాత రెండు మూడు రోజులు మెత్తటి అన్నంలో చర్మం, ఎముక లేని ఉడికించిన చికెన్ కలిపి, ఉప్పూ మసాలా లేకుండా, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి.

పై పెదవి ఎత్తి చిగుళ్లు తాకి చూడండి. తడిగా జారితే సరే. వేలికి జిగటగా అంటుకుంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. అలా ఉన్నా, రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే పశువైద్యుడికి చూపించండి. మనుషుల మాత్రలు వేయొద్దు.

నన్నడిగితే ఉడికించిన మాంసమే మేలు. మన ఎండలకు బయట ఉంచిన మాంసంలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది. అది కుక్క మూతి నుంచి ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. గోదావరి చేపలైనా పచ్చివి వద్దు. కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే థయమినేజ్ ఉంటుంది, ఉడికిస్తే పోతుంది. విరేచనం గట్టిపడ్డాక పాత తిండిలో పావు వంతు ఉడికించిన మాంసం కలిపి, పది రోజుల్లో మెల్లగా పెంచండి. ఉడికిన ఎముక మాత్రం వేయకండి, పేళ్లుగా విరిగి పేగుకు గుచ్చుకుంటుంది.