వ్యాయామము – బడలిక

వ్యాయామం చేస్తే ఒంటికి సత్తువ వస్తుందని పాఠ్యపుస్తకాల్లో చదివాం, పెద్దలు చెప్పగా విన్నాం. మొదలుపెట్టిన రెండో వారంలో మనిషి గతి ఏమిటన్నది మాత్రం ఎవరూ చెప్పరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పరుగెత్తినవాడు పదిగంటల క్లాసులో తూగుతాడు. మెట్లెక్కబోతే పిక్కలు పట్టేస్తాయి. సాయంత్రం పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. పోనీ రాత్రి హాయిగా నిద్ర పడుతుందా అంటే అదీ లేదు. “సత్తువ కోసం మొదలుపెడితే ఉన్న సత్తువ కూడా పోయిందే!” అనిపిస్తుంది. కొందరు అంతటితో మానేస్తారు. మరికొందరు పంతానికి పోయి పరుగు రెట్టింపు చేస్తారు. ఈ రెండో రకం వారిని గురించే నాకు ఎక్కువ బెంగ.

శరీరధర్మశాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి గనుక ఈ ప్రశ్న ఏటా నా దగ్గరకు వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్ళలో ఎక్కువమంది మా వైపు పిల్లలే – మార్కాపురం, కంభం, గిద్దలూరు, రాచర్ల, కొమరోలు వాళ్ళు. కారణం అందరికీ తెలిసిందే. పడమటి ప్రకాశం వానను నమ్ముకున్న నేల. మార్కాపురం పలకల పరిశ్రమ ఒకప్పటి వెలుగులో లేదు. ఇంట్లో ఒక్కడికి సైన్యంలోనో పోలీసులోనో ఉద్యోగం దొరికితే ఆ ఇల్లు నిలబడుతుంది. గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో సైన్యానికి మనిషిని పంపిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అన్న వెళ్ళిన దారిలో తమ్ముడు పరుగెత్తుతాడు. అందుచేత మా పిల్లలకు వ్యాయామం సరదా కాదు, బ్రతుకుతెరువు.

ఆ పరీక్ష లెక్కలు చూడండి. సైన్యంలో అగ్నివీర్ ర్యాలీకి వెళ్ళినవాడు 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి మార్కులు. మన రాష్ట్రపు కానిస్టేబుల్ పరీక్షలో పురుషులకు అదే దూరానికి 8 నిమిషాలు. 2022 నవంబరులో కానిస్టేబుల్ ప్రకటన వచ్చింది, 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది, దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు నెలాఖరు అయింది. దాదాపు రెండేళ్ళు పుస్తకాల ముందు కూర్చున్నవాడు, పిలుపు రాగానే ఇరవై రోజుల్లో కాళ్ళను దారికి తేవాలని చూస్తాడు. మన బడలికకు పుట్టిల్లు అదే.

ఇంతకీ ఒంట్లో ఏం జరుగుతుంది? అలవాటు లేని కండరం శ్రమపడితే దాని పోగుల్లో కంటికి కనిపించనంత సన్నని చీలికలు పడతాయి. ఆ చోటికి నీరు చేరుతుంది, కొద్దిపాటి వాపు వస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల లోపల నొప్పి బాగా తెలుస్తుంది. మిట్ట ఎక్కినదాని కన్నా పల్లం దిగుతూ పరుగెత్తితే ఈ నొప్పి ఎక్కువ. మనవాళ్ళు దీన్ని ‘లాక్టిక్ ఆమ్లం పేరుకుంది’ అంటారు; కొన్ని పుస్తకాల్లోనూ అలాగే ఉంటుంది. అది సరి కాదు. పరుగు ఆపిన గంట సేపట్లో ఆ పదార్థం రక్తంలో మామూలు స్థాయికి దిగిపోతుంది. మర్నాటి నొప్పికి దాన్ని నిందించడం, నిన్న ఊరు దాటిపోయిన వాడి మీద ఇవాళ్టి దొంగతనం మోపినట్టే.

రెండో సంగతి ఇంధనం. తిన్న సంగటీ అన్నమూ గ్లైకోజెన్ అనే రూపంలో కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా నిలవ ఉంటాయి. గట్టిగా పరుగెత్తి ఆ గాదె ఖాళీ చేస్తే, మళ్ళీ నిండడానికి మంచి తిండి తిన్నా ఒక రోజు పడుతుంది. సగం నిండిన గాదెతో మర్నాడు, పావు గాదెతో ఆ మర్నాడు పరుగెత్తితే, నాలుగో నాటికి కాళ్ళు సీసంలా బరువెక్కడంలో వింత లేదు.

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు కెనడాలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా ఒక మాట చెప్పాడు. దేహానికి ఏ ఒత్తిడి తగిలినా మొదట కంగారుపడుతుంది, తర్వాత తట్టుకోవడం నేర్చుకుంటుంది, ఒత్తిడి అలాగే విడవకుండా సాగితే చివరికి చతికిలబడుతుంది. 1975లో అదే దేశంలో ఎరిక్ బానిస్టర్ దీన్ని క్రీడాకారులకు లెక్కగట్టి చూపాడు. ప్రతి కసరత్తూ మనిషికి రెండు వస్తువులిస్తుందట – కొంత సత్తువ, కొంత బడలిక. బడలిక ముందుగా, పెద్దదిగా వస్తుంది, తొందరగా పోతుంది. సత్తువ నెమ్మదిగా వస్తుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. తొలివారాల్లో బడలిక సత్తువను కప్పేస్తుంది. విశ్రాంతి ఇస్తే ఆ తెర తొలగి లోపలి సత్తువ బయటపడుతుంది. ఇవ్వకపోతే తెర మీద తెర.

మన పల్లెల్లో మట్టిగోడ పెట్టేవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఒక వరుస పెట్టాక ఆరనిస్తారు. పచ్చి వరుస మీద ఇంకో వరుస ఎత్తితే గోడంతా కూలుతుంది. ఆరబెట్టిన రోజున పని జరగలేదని ఏ మేస్త్రీ అనుకోడు. కండరం గట్టిపడేది కూడా పరుగెత్తే అరగంటలో కాదు, తర్వాతి తిండిలో, నిద్రలో. కండరాల మరమ్మతుకు తోడ్పడే పెరుగుదల హార్మోను గాఢనిద్ర తొలి గంటల్లోనే ఎక్కువగా ఊరుతుంది. హాస్టలులో పన్నెండు దాకా చదివి నాలుగింటికి లేచేవాడికి ఆ నిద్ర ఎక్కడిది? మీ వయసువారికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. నాలుగింటికే లేవాలంటే తొమ్మిదింటికి దీపం ఆర్పాలి. అది కుదరదంటే పరుగును సాయంత్రానికి మార్చుకోండి, మైదానం ఎక్కడికీ పోదు.

మా పిల్లల్లో నేను చూసే అలవాటు ఒకటుంది. ప్రతి ఉదయం గడియారం పట్టుకుని 1600 మీటర్లు ప్రాణాలుగ్గబట్టి పరుగెత్తుతారు. నిన్న 6 నిమిషాల 40 సెకండ్లు, ఇవాళ 6.50, రేపు ఏడు. ఎందుకు దిగజారుతోందో తెలియక ఇంకా గట్టిగా పరుగెత్తుతారు. రోజూ పరీక్షే రాస్తూ పోతే చదివేదెప్పుడు నాయనా అని అడుగుతాను. మొదటి రెండు మూడు వారాలు వారానికి మూడు నాలుగు రోజులు చాలు. పక్కవాడితో మాటలాడగలిగినంత నిదానంగా ఇరవై నిమిషాలు – రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మాట తెగిపోతూ ఉంటే వేగం ఎక్కువైందన్న మాట. ఆ తర్వాత వారానికి ఒకనాడు వేగంగా, ఆ మర్నాడు విశ్రాంతి. గడియారం పెట్టే పరుగు రెండు వారాలకొకసారి మించి వద్దు.

నిదానపు కసరత్తుతో ఏమొస్తుందని చప్పరించేవారికి ఒక ప్రయోగం సంగతి చెప్పాలి. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో ఎప్పుడూ నీరసంగా ఉంటుందని చెప్పే 36 మంది యువతీయువకుల చేత ఆరు వారాల ప్రయోగం చేయించారు. కసరత్తు చేసినవారు వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలు, కదలని సైకిలు తొక్కారు. 2008లో ఫలితాలు ప్రకటించారు. నిదానంగా తొక్కినవారిలో నీరసం 65 శాతం తగ్గింది. కొంచెం గట్టిగా తొక్కినవారిలో 49 శాతమే. బడలికకు మందు కసరత్తే, మోతాదు తెలియాలి, అంతే.

మోతాదు సరిపోయిందో లేదో చెప్పే పరికరం మణికట్టులోనే ఉంది. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, ఒక నిమిషం నాడి లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. వారం రోజులకు మీ మామూలు సంఖ్య తెలుస్తుంది. ఏనాడైనా దానికన్నా పదికి తగ్గకుండా ఎక్కువ ఉంటే ఆ రోజు నడకతో సరిపెట్టుకోండి. జ్వరం వచ్చే ముందు కూడా నాడి ఇలాగే పెరుగుతుంది.

ఇక తిండి. పరుగు కొత్తగా మొదలైనా కంచంలో మార్పు ఉండదు. పరగడుపున పరుగెత్తి ఎనిమిదిన్నరకు రెండు ఇడ్లీలు తిన్నవాడు పన్నెండింటికి నీరసపడడా? సెలవుల్లో ఇంటికి పోతే చేలో పని కూడా తోడవుతుంది. డబ్బాల్లో అమ్మే పొడులు కొనమని నేను చెప్పను. మన నేలలో పండే సజ్జ, జొన్న, కంది, శనగ, వేరుశనగ చాలు. రాత్రి నానవేసిన గుప్పెడు శనగలు, అరటిపండు పరుగు అయిన అరగంటలో పడితే గాదె త్వరగా నిండుతుంది.

రెండు మూడు వారాలు నిదానంగా చేసి, తిని, నిద్రపోయి కూడా బడలిక తగ్గకపోతే అప్పుడు రక్తం చూపించుకోవాలి. ముఖ్యంగా ఆడపిల్లలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఇంకా పోలేదు, నెలనెలా పోయే రక్తం సరేసరి. స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు, పురుషులకు 13 గ్రాములు – అంతకు తగ్గితే కండరాలకు చేరే ప్రాణవాయువే తగ్గుతుంది. అలాంటి అమ్మాయిని ‘బద్ధకం, ఓర్పు లేదు’ అని మైదానంలో గదమాయించడం అన్యాయం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష వేలికొసన చుక్క రక్తంతో అయిపోతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయో ఉసిరికాయో తోడుంటే బాగా పడుతుంది.

కొన్ని గుర్తులు మాత్రం బడలిక లెక్కలోకి రావు. పరుగులో గుండెల్లో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, కూర్చున్నా తీరని ఆయాసం – ఇవి వైద్యుడి పని. ఏళ్ళ తరబడి రాతి ధూళిలో పని చేసినవారి ఆయాసం ఊపిరితిత్తులది కావచ్చు, దాన్ని కసరత్తు లోపమని సరిపెట్టుకోకూడదు. ఒక్కనాడే వందల గుంజీళ్ళు తీసి మర్నాడు మూత్రం నల్లటి టీ డికాషన్ రంగులో వస్తే, కండరం కరిగి రక్తంలో కలిసిందన్న మాట. మూత్రపిండాలు దెబ్బతినకముందే ఆస్పత్రికి పరుగెత్తాలి. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపికకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పది మందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏ తల్లి అయినా కొడుకును అందుకా పంపింది? ఎండకు ఒళ్ళు అలవాటుపడడానికే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మార్చి దాటాక మా వైపు ఎండ సంగతి వేరే చెప్పాలా?

ఎండ అనగానే ‘నీళ్ళు బాగా తాగండి’ అని అందరూ చెబుతారు. మా ప్రాంతంలో ఆ సలహాకు ఇంకో ప్రశ్న జోడించాలి – ఏ నీళ్ళు? మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ వ్యాసం 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ప్రకటించారు. వారు చూసింది ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల జనాన్ని. నేటి ప్రకాశం ప్రాంతపు దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర దాకా సహించవచ్చునన్నది మన దేశపు ప్రమాణం. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు రోజుకు రెండు లీటర్లు తాగేవాడి ఒంట్లోకి 6 మిల్లీగ్రాములు చేరితే, పరుగు మొదలుపెట్టి నాలుగు లీటర్లు తాగేవాడికి 12 చేరతాయి. ఏళ్ళ తరబడి సాగితే కీళ్ళు బిగుసుకుంటాయి, నడుము వంగదు. ఆ నొప్పులను కసరత్తు నొప్పులనుకుని మాలిష్ చేయించుకునేవారున్నారు. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. సాగర్ నీటి పథకం కుళాయి నీళ్ళో, ఆర్.ఓ. యంత్రం నీళ్ళో అయితే ఫరవాలేదు. చిటికెడు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఆ నీళ్ళతో చేసుకుంటే మరీ మంచిది. మైదానం పక్కన బోరు ఉందిగదా అని ఉత్తచేతులతో పోకుండా, బూట్లతోపాటు ఇంటి నుంచే ఒక సీసా పట్టుకుపోండి.