ఇంజెక్టర్ క్లీనర్ కొనాలా, వద్దా?

ప్రశ్న: సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా పెట్రోలు ట్యాంకులో ఇంజెక్టర్ క్లీనర్ పోయించమంటున్నారు. డబ్బు దండగేనా?
– ఒక పాఠకుడు, మూకండపల్లి, హోసూరు

జవాబు: పూర్తిగా దండగ కాదు. అలాగని ప్రతి సర్వీసుకూ అవసరం లేదు.

ఇంజెక్టర్ కొసన ఉండే రంధ్రాలు సూదిమొనంత సన్నం. బండి ఆపాక ఇంజిన్ వేడికి అక్కడ మిగిలిన పెట్రోలు ఆవిరై, జిగురు పొర కడుతుంది. తుంపర సరిగ్గా పడక ఐడిల్‌లో ఇంజిన్ వణుకుతుంది. పాలీఈథర్ అమైన్ (పీఈఏ) ఆ పొరను కరిగించగలదు. సీసా మీద ఆ పేరుందేమో చూసి కొనాలి.

డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లకు ఓ చిక్కుంది. వాటిలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది కాబట్టి, ట్యాంకులో పోసిన మందు ఇన్‌టేక్ వాల్వుల మసిని తాకదు.

రోజూ పోసే పెట్రోలే అసలు ముఖ్యం. అమెరికాలో వాహనదారుల సంస్థ ఏఏఏ 2016లో చేయించిన పరీక్షలో, ‘టాప్ టియర్’ డిటర్జెంట్ ప్రమాణం లేని పెట్రోలుతో మడ్డి సగటున 19 రెట్లు ఎక్కువ పేరుకుంది.

మైలేజీ తగ్గిందని మాత్రం క్లీనర్ కొనొద్దు. దానికి పెట్రోలులో కలిపే ఇథనాలూ కారణం కావచ్చు: ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కోసం తయారుకాని పాత కార్లలో మైలేజీ 6–7 శాతం పడిపోవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ముందుగా టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు చూపించుకోవాలి. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించడమే మేలు.