చిప్పయు చీటియు

సముద్రతీరమునకు పోయినపుడు ఆలిచిప్పలను ఏరుకొనని బాలబాలికలుండరు. అట్టి చిప్పలే రాతిగా మారి, నేడు సముద్రమునకు దూరముగానున్న పొలములలోను, వాగుల గట్లలోను దొరకుచుండును. వీనిని శిలాజములందురు. తమిళనాడులోని అరియలూరు ప్రాంతము వీనికి ప్రసిద్ధి కెక్కినది. సుమారు 10 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ నేలను సముద్రము కప్పియుండెను.

ఇట్టి చిప్ప ప్రదర్శనశాలకు చేరగానే, అది నిజముగా ఆలిచిప్ప తెగకు చెందినదా యని శాస్త్రజ్ఞులు మొదట పరీక్షింతురు. ఈ తెగలో సాధారణముగా కుడియెడమ చిప్పలు బింబప్రతిబింబములవలె నుండును; ఒక్కొక్క చిప్పను విడిగా చూచినచో దాని రెండు సగములు సమానముగా నుండవు. బ్రాకియోపోడులను వేరొక తెగలో ఇందుకు విరుద్ధముగా ప్రతి చిప్పయు రెండు సమభాగములుగా నుండును. పిదప కీలునొద్ద గల పండ్లను, లోపల కండరములంటిన మచ్చలను, పైనున్న గీతలను పరిశీలించి జాతిని నిర్ణయింతురు.

కే, కన్లిఫ్ అను ఇరువురు ఆంగ్లేయులు పుదుచ్చేరి, వృద్ధాచలము, తిరుచిరాపల్లి ప్రాంతములలో సేకరించిన శిలాజములను ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లో వర్ణించెను. పిమ్మట భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన బ్లాన్‌ఫర్డ్ అచటి రాతిపొరలను క్రిందినుండి పైకి ఊట్టత్తూరు, తిరుచిరాపల్లి, అరియలూరు అని మూడు వర్గములుగా విభజించి 1862లో ప్రకటించెను. నేటి చెక్ దేశమున జన్మించిన స్టోలిచ్కా ఆ పొరలలోని ఆలిచిప్పలను వర్గీకరించి 1871లో ఒక గొప్ప గ్రంథమును వెలువరించెను.

ఒక జాతికి మొదట పేరిడినపుడు ఆధారముగా గైకొనిన చిప్పను మూలనమూనాగా భద్రపరతురు. సందేహము కలిగినపుడు క్రొత్తచిప్పలను దానితో పోల్చి చూతురు. అయితే చిప్ప యొక్కటియే చాలదు. దొరకిన చోటును తెలుపు చీటియు దానితో నుండవలెను. చీటి తారుమారైనచో పైపొరలోని చిప్ప క్రిందిపొరదిగా తోచును. రాతి వయస్సు విషయమున కోట్ల సంవత్సరముల పొరపాటు కలుగవచ్చును.

చీటి పోయినపుడు శాస్త్రజ్ఞులు నేర్పరులైన అపరాధపరిశోధకులవలె పనిచేయుదురు. చిప్పకంటిన రాతిని, అందలి సూక్ష్మశిలాజములను, పాత జాబితాలను, సేకరించినవారి చేతివ్రాతను పరిశీలించి జన్మస్థలమును కనుగొన యత్నింతురు. ఒక్కొక్కప్పుడు ఆ శ్రమ ఫలించును. ఒక్కొక్కప్పుడు ఆ చిప్ప ఊరుపేరు లేనిదిగానే మిగిలిపోవును.

కావున మీకెన్నడైన అట్టి రాతిచిప్ప కనబడినచో, దానిని సంచిలో వేసికొనుటకు ముందే ఊరిపేరును, చోటును, తేదిని ఒక చీటిపై వ్రాసియుంచుడు. ఆ రెండు పంక్తులే మూగచిప్పకు మాట నిచ్చును.