పలక మీద మూడు పనులు

పొయ్యి మీద పాలు పెడతాం. కుళాయి గుర్తొచ్చి బిందెతో పోతాం. ఇటు పాలు పొంగిపోతాయి. ఇది ఎవరికైనా జరుగుతుంది.

కొందరికి రోజూ ఇంతే. పొదుపు కట్టే రోజు మరిచిపోతారు. జరిమానా పడుతుంది. "బద్ధకం నీకు" అని ఇంట్లో తిడతారు.

ఇది బద్ధకం కాకపోవచ్చు. ఎ.డి.హెచ్.డి. అనే ఇబ్బంది ఉంటే మనసు ఒక పని మీద నిలవదు. ఇది చిన్నప్పుడే మొదలవుతుంది. చాలామందికి పెద్దయ్యాక కూడా ఉంటుంది. ఉందో లేదో డాక్టరే చెప్పాలి. దీనికి వైద్యం ఉంది.

అక్కా, ఇంట్లో ఇలా చేసి చూడండి:

1. రాత్రి పలక మీద రేపటి పనులు రాయండి. మూడే రాయండి.
2. పక్కన వేళ రాయండి.
3. "ఇల్లు సర్దాలి" అని రాయకండి. "బట్టలు మడవాలి" అని రాయండి. చిన్న పని తొందరగా మొదలవుతుంది.
4. పలకను పొయ్యి దగ్గర గోడకు తగిలించండి. కంటికి కనబడితేనే గుర్తుంటుంది.
5. అయిన పని కొట్టేయండి. మిగిలింది రేపటికి రాయండి.
6. పొదుపు తేదీకి క్యాలెండర్‌లో సున్న చుట్టండి.

నేర్చిన అక్షరం సంతకానికే కాదు. మరుపుకూ అదే మందు.

ఇబ్బంది ఎక్కువైతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్. డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

రాయండి: రేపు మీరు చేసే మూడు పనులు ఏవి? ఏ వేళకు?