ఒలేథా కాల్పుల తర్వాత తెలుసుకున్నవి

1. 2017 ఫిబ్రవరి 22 రాత్రి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో, బార్‌లో కూర్చున్న మన తెలుగువాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చి చంపాడు. కబురు తెలియగానే మా అబ్బాయికి ఫోన్ చేసి, "బయట తెలుగులో మాట్లాడకురా నాన్నా" అన్నాను. వాడు చాలాసేపు పలకలేదు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. పిల్లల నోరు మూయించే ముందు, ఇక్కడి చట్టం మన వైపు ఎంతవరకు ఉందో తెలుసుకోవాలి. ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను.

2. అమెరికాలో హత్య కేసు మామూలుగా రాష్ట్రానిది. ఫెడరల్ ప్రభుత్వం అందులోకి రావాలంటే రాజ్యాంగంలో ఆధారం చూపాలి. 2009లో వచ్చిన ద్వేష నేరాల చట్టంలో జాతి, రంగు కారణంగా జరిగే దాడులకు ఆ ఆధారం 1865 నాటి 13వ సవరణ. బానిసత్వాన్ని రద్దు చేసింది అదే. బానిసత్వం వదిలిపోయిన ఆనవాళ్లను కూడా తుడిచేసే అధికారం కాంగ్రెస్‌కు ఉందని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది. నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన ఒక యువకుడి చేతి మీద, కాల్చిన తీగతో నాజీల స్వస్తిక వాత పెట్టారు. ఆ కేసులో 2009 చట్టం చెల్లుతుందని డెన్వర్‌లోని పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2013లో తీర్పిచ్చింది. కాన్సస్ కూడా ఆ కోర్టు పరిధిలోదే. నల్లవాళ్ల కన్నీళ్లతో, నెత్తుటితో వచ్చిన సవరణ నీడలో మనమూ బతుకుతున్నాం. మన ఇళ్లలో ఈ రుణం ఊసే రాదు, రావాలి.

3. ఆడవాళ్లన్న, వికలాంగులన్న, స్వలింగ సంపర్కులన్న కారణంతో దాడి చేస్తే ఇదే చట్టంలో దారి వేరు. తుపాకీ మరో రాష్ట్రం నుంచి వచ్చిందనో, మరోలానో, అంతర్రాష్ట్ర వాణిజ్యంతో సంబంధం నిరూపించాలి. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

4. మనసులో ద్వేషం ఉన్నంత మాత్రాన శిక్ష లేదు. ఆ ద్వేషంతో మనిషిని ఎంచుకుని కొడితే శిక్ష పెంచవచ్చని సుప్రీంకోర్టు 1993లో తేల్చింది. అందుకే కొట్టినవాడు ఏమన్నాడన్నది కేసుకి ప్రాణం.

5. ఒలేథాలో కాల్చినవాడన్న మాటలు విన్నవాళ్లున్నారు. వాడు నేరం ఒప్పుకున్నాడు. రాష్ట్ర కోర్టు యావజ్జీవం వేసింది, 2018 ఆగస్టులో ఫెడరల్ కోర్టు కూడా వేసింది. మీకో, మీవాళ్లకో ఇలాంటిది ఎదురైతే గాయాల సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. దాడి చేసినవాడు అన్న ప్రతి మాటనూ, ఎంత రోతగా ఉన్నా, ఆ రాత్రే రాసిపెట్టి పోలీసులకు ఇవ్వండి.