రక్తపిశాచులు, కామరూపులు, గాయపడిన కథానాయికలు

(చదువుకొనవలసిన భాగములు: 2 సమూయేలు 13:1–21, మార్కు 5:1–20)



ఈ నెల పాఠమునకు ఎంచుకొనిన విషయము మన పత్రికకు క్రొత్తది. ఇంగ్లీషు చదివిన మన యౌవనస్థులలో కొందరు, విశేషముగా ఆడబిడ్డలు, "అర్బన్ ఫాంటసీ" అనబడు నవలలను చదువుచున్నారు. వాటిలో రక్తపిశాచులుందురు, తోడేళ్లుగా మారు మనుష్యులుందురు, వారి నడుమ గాయపడిన మనస్సుతో బ్రదుకు ఒక యువతి యుండును. అట్టి పుస్తకమును చూచిన వెంటనే "దయ్యాల పుస్తకము, పొయ్యిలో వేయుము" అనుట సులభము. ఐతే సంగతి పూర్తిగా వినక తీర్పు చెప్పువాడు నగుబాటు పాలగునని సామెతల గ్రంథము 18వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది. కాబట్టి ముందు ఈ కథలెట్టివో తెలిసికొందము. పిమ్మట వాటిని తూచి చూతము.

1. ఈ కథల పుట్టుక

చచ్చినవారు సమాధినుండి లేచి బ్రదికినవారి రక్తమును త్రాగుదురను భయము తూర్పు ఐరోపా పల్లెలలో పూర్వమునుండి యుండెను. ఇంగ్లీషు సాహిత్యములో 1819లో జాన్ పాలిడోరి అను వైద్యుని కథతో అది ప్రసిద్ధికెక్కెను. 1872లో ఐర్లండు దేశస్థుడైన షెరిడన్ లె ఫాను "కార్మిల్లా" అను స్త్రీ పిశాచి కథను, 1897లో ఆ దేశస్థుడే యైన బ్రామ్ స్టోకర్ "డ్రాకులా" నవలను ప్రచురించిరి. నడుమ 1870లో రిచర్డ్ బర్టన్ అను ఆంగ్లేయుడు మన విక్రమార్కుని కథలను కొన్నిటిని ఇంగ్లీషున చెప్పుచు, బేతాళునికి "వాంపైర్" అని పేరు పెట్టెను. శవములో చేరి చిక్కుప్రశ్నలడుగు మన బేతాళుడు రక్తము కొరకు తిరుగువాడు కాడు. అయినను ఆ పేరు అతనికి అంటుకొనెను.

ఆ పాత కథలలో పిశాచి పరాయిది. దూరపు కోటనుండి వచ్చును. దానిని వెదకి చంపుటతో కథ ముగియును. 1976లో అమెరికా రచయిత్రి ఆన్ రైస్ ఈ వరుసను మార్చెను. ఆమె నవలలో రక్తపిశాచియే కూర్చుండి తన దుఃఖమును తన నోట చెప్పుకొనును. శత్రువు తన బాధ చెప్పుకొనగా విన్న పాఠకునికి అతనిని ఊరకే ద్వేషించుట కష్టమాయెను.

2. పట్టణములోనికి ప్రవేశము

తరువాత ఈ కథలు కోటలను విడిచి నేటి పట్టణపు వీధులలోనికి వచ్చినవి. 1987లో ఎమ్మా బుల్ అను రచయిత్రి మిన్నియాపొలిస్ నగరములో జరిగిన కథను వ్రాసెను. అందులో నాయిక పాటకత్తె. ఆమెకు కావలిగా వచ్చినవాడు కుక్కగా మారగల కామరూపి. 1993లో లారెల్ హామిల్టన్ "గిల్టీ ప్లెజర్స్" అను నవలతో అనీటా బ్లేక్ అను నాయికను పరిచయము చేసెను. ఆమె సెయింట్ లూయిస్ నగరములో జీతమునకు శవములను లేపునది. చట్టము అనుమతించినప్పుడు నేరము చేసిన పిశాచులను చంపునది. 1997 మొదలు 2003 వరకు "బఫీ" అను టెలివిజన్ కథ ఇట్టి నాయికను ఇంటింటికి చేర్చెను.

2001లో షార్లెయిన్ హారిస్ వ్రాసిన కథలో సూకీ అను అమ్మాయి లూసియానా రాష్ట్రములోని ఒక చిన్న ఊరిలో బల్లలయొద్ద వడ్డించి బ్రదుకును. ఇతరుల తలంపులు ఆమెకు వినబడును. జపాను దేశస్థులు కృత్రిమ రక్తమును సీసాలలో అమ్మసాగినందున పిశాచులు చాటు విడిచి బహిరంగముగా బ్రదుకుచుందురు. ఈ కథ 2008 నుండి 2014 వరకు "ట్రూ బ్లడ్" అను పేరుతో టెలివిజన్‌లో వచ్చెను. 2006లో పాట్రీషియా బ్రిగ్స్ సృష్టించిన మెర్సీ థాంప్సన్ మోటారు కార్లు బాగుచేయు మెకానికు. ఆమె కొయోటీగా, అనగా నక్కను పోలిన అమెరికా జంతువుగా, మారగలదు. 2007లో ఇలోనా ఆండ్రూస్ అను పేరుతో భార్యాభర్తలిద్దరు కలిసి వ్రాయసాగిన కథలు అట్లాంటా నగరములో జరుగును. అక్కడ మంత్రశక్తి అలలవలె వచ్చును. అది వచ్చినప్పుడు యంత్రములు నిలిచిపోవును.

ఈ నాయికలలో పలువురు కూలిపని, చేతిపని చేసికొని బ్రదుకువారని గమనింపుడి. వారిలో అనేకులు తమ కథను "నేను" అని తామే చెప్పుకొందురు. మెర్సీ చుట్టునున్న తోడేలుమనుష్యులు ఆమెకంటె ఎంతో బలవంతులు. ఆమె బలముచేత గాక బుద్ధిచేతను మొండితనముచేతను వారి నడుమ నిలిచియుండును. తమకంటె బలవంతుల నడుమ దినదినము మెలగవలసిన ఆడబిడ్డలు ఈ కథలను ఎందుకు చదువుదురో ఇక్కడనే కొంత తెలియుచున్నది.

3. గాయము చేసినవాడెవడు?

ఈ పాఠములో ముఖ్యమైన సంగతి ఇదియే. సూకీ చిన్నతనములో చెరుపబడినది. చెరిపినవాడు పిశాచి కాడు. ఆమె నాయనమ్మకు స్వంత సహోదరుడు. 2008లో వచ్చిన "ఐరన్ కిస్డ్" అను నవలలో మెర్సీ బలాత్కారమునకు లోనగును. ఆ దుర్మార్గుడును తోడేలు కాడు. ఆమె పరిచయము చేసికొనిన మామూలు మనుష్యుడు. మాయపాత్రతో ఆమెకు త్రాగనిచ్చి, ఆమె చిత్తమును అణచి ఆ పని చేసెను. కోరలు గలవారితో నిండిన పుస్తకములలో మిక్కిలి ఘోరమైన గాయమును కోరలు లేనివాడే చేయుచున్నాడు. రచయిత్రులు ఊరకే ఇట్లు వ్రాయలేదు. లోకములో జరుగునదియు ఇదియే గదా.

2009లో వచ్చిన తరువాతి నవలలో రచయిత్రి ఆ సంగతిని మరచిపోలేదు. మెర్సీకి ఉన్నట్టుండి వణకు పుట్టును, ఊపిరి ఆడదు. ఆమెను ప్రేమించినవాడు తొందరపడక కనిపెట్టును. ఒక అధ్యాయముతో గాయము మానిపోదు.

ఇప్పుడు 2 సమూయేలు 13వ అధ్యాయమును తెరువుడి. తామారును చెరిపినవాడు ఆమె తండ్రి కుమారుడే. రోగినని మంచమెక్కి, రొట్టెలు చేసి పెట్టుమని పిలిపించెను. ఆమె వద్దని బ్రతిమాలెను, న్యాయము చెప్పెను, అతడు వినలేదు. తరువాత ఆమె స్వంత అన్నయైన అబ్షాలోము ఊరకుండుమనెను. రాజైన తండ్రి కోపపడెను గాని కుమారుని శిక్షించినట్టు అక్కడ వ్రాయబడలేదు. తామారు అన్న యింట దిక్కులేనిదై యుండిపోయెను. వేదము ఈ సంగతిని దాచలేదు. ఆమె పలికిన మాటలను సహా వ్రాసి యుంచెను. దాచినది ఇల్లు.

మన యిండ్లలో "పరువు పోవును, నోరు మూసికొనుము" అను మాట ఎన్నిసార్లు వినబడుచున్నది! ఇంటిలో చెప్పుకొన వీలులేని మాటను ఒక పుస్తకములోని నాయిక చెప్పినయెడల, బిడ్డ ఆ పుస్తకమును దిండు క్రింద దాచుకొనుటలో ఆశ్చర్యమేమి? పుస్తకమును లాగికొనుటకు ముందు ఈ ప్రశ్నకు పెద్దలు జవాబు చెప్పవలెను.

4. గడప

రక్తపిశాచి పిలువని యింటిలోనికి రాజాలడను నియమము ఈ కథలలో తరచుగా కనబడును. హారిస్ కథలలో మరియొక విశేషమున్నది. సూకీ తన పిలుపును వెనుకకు తీసికొనినయెడల, అంతకుముందు ఎంత చనువు గలవాడైనను పిశాచి గడప దాటి వెళ్లిపోవలసినదే. వందల యేండ్ల బలము గలవానిని వడ్డించు అమ్మాయి ఒక్క మాటతో బయటికి పంపును.

నిన్న పిలిచినందున నేడు వద్దనరాదని ఎక్కడను లేదు. ఈ పాఠమును మన బిడ్డలు ఒక నవలనుండి నేర్చుకొనిన తప్పేమి? ప్రకటన 3:20లో ప్రభువు సహా తలుపునొద్ద నిలిచి తట్టుచున్నాడు. త్రోసికొని వచ్చువాడుగా కనబడడు. సర్వాధికారము గలవాడు గడపను గౌరవించుచుండగా, గౌరవింపనివాడు ప్రేమ గలవాడెట్లగును?

5. సిలువయు సంఘమును

స్టోకరు కథలో సిలువను చూచి పిశాచి వెనుకకు తగ్గును. హామిల్టన్ కథలలో సిలువ పట్టుకొనినవారి విశ్వాసమునుబట్టి ప్రకాశించును. నమ్మకము లేని చేతిలో అది ఊరకుండు లోహమే. మెర్సీ సిలువకు బదులు చిన్న గొఱ్ఱెపిల్ల బొమ్మను మెడలో ధరించును. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో స్కెవ కుమారులు తాము ఎరుగని నామమును మంత్రమువలె వాడబోయి, గాయపడి పారిపోయిన సంగతి మనకు తెలిసినదే. ఈ విషయములో నవలా రచయిత్రి మన పెద్దలలో కొందరికంటె సరిగా చూచినది.

2002లో వచ్చిన హారిస్ రెండవ నవలలో డల్లాస్ నగరములోని ఒక సమాజము పిశాచులను ద్వేషించుటయే భక్తి అనుకొనును. సూకీ తాను మెథడిస్టు సంఘపు బిడ్డయై యుండియు ఆ మందిరపు నేలమాళిగలో బందీ యగును. ఇది చదివి మనము నొచ్చుకొనవచ్చును. అంతకంటె, మన మందిరములలో ఎవరు భయపడుచు కూర్చున్నారో చూచుకొనుట మేలు. పిశాచికి అద్దములో నీడ కనబడదని పాత కథలు చెప్పుచున్నవి. మనకు కనబడును, చూడవలెను.

6. దోషములను దాచరాదు

మేలు చెప్పితిమి గనుక కీడును చెప్పవలెను. మొదటిది, మ్రింగువానిని ప్రియునిగా చూపుట. ఈ కథలకు దగ్గర చుట్టమైన "ట్విలైట్" 2005లో వెలువడెను; ఆ వరుస పుస్తకములు 10 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. అందులో ప్రియుడు రాత్రివేళ అమ్మాయికి తెలియకుండ ఆమె గదిలో చేరి, నిద్రించుచుండగా చూచుచుండును. కథ దానిని ప్రేమ అనుచున్నది. మన వీధిలో ఎవడైన అట్లు చేసినయెడల దానికి వేరు పేరున్నది. సామెతలు 30:15లోని జలగ కూతుళ్లకు ఇంకను కావలెననుట తప్ప వేరు మాట తెలియదు. ప్రాణమును పీల్చువాడు మంచిమాటలాడినను జలగయే.

రెండవది, గాయమునకు మందు బలమేనని చెప్పుట. ఈ వరుస నవలలలో నాయికకు తరచుగా సంపుటము వెంట సంపుటము శక్తి పెరుగును. సూకీ పిశాచి రక్తము త్రాగి బలము పొందును. ఐతే కొట్టగలిగినంత మాత్రమున మనస్సు మానదు. దానియేలు 4లో మిక్కిలి బలవంతుడైన రాజే పశువువలె గడ్డి మేసెను. అతడు కన్నులు పైకెత్తినప్పుడు మరల మానవబుద్ధి వచ్చెను.

మూడవది, హామిల్టన్ తరువాతి సంపుటములలో శృంగార వర్ణనలు మితిమీరినవని ఆమె పాత పాఠకులే సణిగిరి. చిన్న వయస్సువారికి అవి తగవని స్పష్టముగా చెప్పవలెను.

7. మనమేమి చేయుదము?

మార్కు 5లో సమాధులలో తిరుగుచు తన్ను రాళ్లతో గాయపరచుకొనువానికి ఆ ప్రాంతపువారు చేసినది సంకెళ్లు వేయుట. యేసు అతని పేరడిగెను. పిదప స్వస్థబుద్ధి గలవానిని అతని యింటివారియొద్దకు పంపెను.

తల్లులారా, తండ్రులారా, బిడ్డ చేతిలో ఇట్టి పుస్తకము కనబడినయెడల ముందు కథ చెప్పించుకొనుడి. ఏ భాగము నచ్చెనని అడుగుడి. నాయిక ఎందుకు ఏడ్చెనని అడుగుడి. జవాబు వినుటకు ఆ సాయంకాలము మీ పని విడిచిపెట్టుడి. బిడ్డ ఒకవేళ పుస్తకపు మాట విడిచి తన మాట చెప్పినయెడల నమ్ముడి. ఊరకుండుమనకుడి. నేరము జరిగియున్నయెడల చుట్టరికము చూడక అధికారులకు తెలియజేయుడి. పిల్లల రక్షణ నిమిత్తము 2012లో చేయబడిన పోక్సో చట్టము ప్రకారము, తెలిసియు తెలియజేయకుండుట నేరము. మన తామారులకు అబ్షాలోము చెప్పిన మాట మనము చెప్పకుందుము గాక.

ఆలోచనకు ప్రశ్నలు

1. తామారు మౌనమువలన లాభపడినవారెవరు? నష్టపడినవారెవరు?
2. మన యింటిలో "వద్దు" అను బిడ్డ మాటకు విలువ ఉన్నదా?
3. ప్రేమకును పట్టి ఉంచుకొను ఆశకును భేదమును యౌవనస్థులకు ఎట్లు నేర్పుదము?
4. మన సంఘములో గాయపడినవారు భయము లేక మాటలాడుటకు ఎవరియొద్దకు పోగలరు? ఎవరును లేనియెడల, ఈ నెలలోనే ఎవరిని ఏర్పరచుదము?